నీళ్ళెరగని తాబేలు

నాగాయలంక,
జూన్ మొదటివారం

సిరాజు బావా,

నేను పోతయ్యని. ఈ ఉత్తరం నేనే రాశాను, ఎవరిచేతా రాయించలేదు. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని నవ్వకు. నాకు చిన్నగా రాయడం రాదు, చిన్నగా మాట్లాడటమూ రాదు. నేను ఫోనులో మాట్లాడితే మీ వీధిలో కిటికీలన్నీ తెరుచుకుంటున్నాయని నువ్వే అన్నావు. నువ్వు మాట్లాడితేనేమో నాకు ఒక్క ముక్క వినపడదు. చెవిలో మిషను పెట్టుకోమన్నాడు డాక్టరు. "పోవయ్యా" అన్నాను. ఇన్నేళ్ళూ నేను చెప్పింది అందరూ విన్నారు, ఇప్పుడు కొత్తగా నేను వినడం ఏం మొదలుపెడతాను! కనక మనిద్దరికీ ఇక ఉత్తరాలే దిక్కు.

సంగతేమంటే, మా పెద్దాడి కొడుకు శ్రీచరణ్ గుడివాడలో రంగుచేపల కొట్టు పెట్టాడు. అద్దాల పెట్టెలు, లోపల లైట్లు, బుడగలు. మా వంశంలో అందరూ చేపలు పట్టినవాళ్ళే. చేపని తినకుండా ఊరికే చూడటానికి డబ్బిచ్చే మనుషులుంటారని కనిపెట్టినవాడు మాత్రం వీడొక్కడే. నీ దగ్గర అప్పుకి వలలు కొనుక్కున్న పోతయ్య మనవడు ఇవాళ గుడివాడలో ఏసీ గదిలో కూచుంటున్నాడని మీ బజారులో నలుగురికీ చెప్పు.

వాడు నాకు రెండు తాబేళ్ళు ఇచ్చాడు. మామూలువి కావు. నల్లటి డిప్ప మీద పసుపు గీతలు, మీ పెడన అద్దకం చీర మీద వేసినట్టు చుక్కలు చుక్కలుగా. ఇంట్లో ఉంటే కలిసొస్తుందట. ఒకటి నేను ఉంచుకుని, రెండోది నీకు పంపుతున్నాను. మా పక్కింటి హేమ బందరు ఆసుపత్రిలో నర్సు పనికి వస్తుందిగా, దాని చేత బుట్టలో పెట్టి పంపుతున్నాను.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. పెద్ద తొట్టి తీసుకో. దాని నిండా నీళ్ళు పొయ్యి. ఎండురొయ్యలు పెట్టు. రోజూ నీళ్ళు మార్చు. అనుమానం వస్తే నన్ను అడుగు. తాబేళ్ళ గురించి నాకు చెప్పేవాడు ఈ దివిసీమలో ఇంకా పుట్టలేదు.

చెల్లెలు జహీదాని అడిగానని చెప్పు.

పోతయ్య


మచిలీపట్నం,
జూన్ చివర

పోతయ్య బావకి సలాం.

నీ ఉత్తరం అందింది. కవరు మీద అక్షరాలు చూసి పోస్ట్‌మాన్ "పెళ్ళి పిలుపాండీ?" అని అడిగాడు. కాదు, మా బావ నెమ్మదిగా మాట్లాడుతున్నాడు అని చెప్పాను.

హేమ తాబేలుని క్షేమంగా దించింది. నిజంగానే చాలా అందంగా ఉంది. నలభయ్యేళ్ళు వలలమ్మినవాణ్ణి, ఒక ముడి నుంచి ఇంకో ముడికి గీతలు ఇంత తీరుగా వెళ్ళడం నేనెక్కడా చూడలేదు. నువ్వు చెప్పినట్టే తొట్టి నిండా నీళ్ళు పోశాం. అయితే బావా, తప్పుగా అనుకోకు, అది ఈదడం లేదు. నీళ్ళలో వదలగానే కాళ్ళు కొట్టుకుంటూ కిందికి పోయింది. జహీదా గబుక్కున చెయ్యిపెట్టి తీసింది. తర్వాత తొట్టిలో ఇటుక వేశాం. అప్పట్నుంచి ఆ ఇటుక మీద నిలబడి, బేరం కుదరక మా కొట్టు గుమ్మంలో నిలబడే మనిషిలా నన్ను చూస్తోంది.

ఎండురొయ్యలు ముట్టలేదు. మా వీధి పిల్లులు మాత్రం నీకు దండాలు చెప్పమన్నాయి. నిన్న నీళ్ళు మార్చేటప్పుడు అరుగు మీద పెడితే నడుచుకుంటూ వెళ్ళి, జహీదా మందారచెట్టు కింద రాలిన పువ్వులు నాలుగు తిని, ఆకులు కూడా మొదలుపెట్టింది. జహీదాకి కోపం వచ్చింది గాని, అది నమిలే తీరు చూసి నవ్వేసింది.

నీ మాట మీద గౌరవంతో మళ్ళీ తొట్టిలోనే పెట్టాను. ఇటుక మీద. నీదెలా ఉంది? ఈదుతోందా?

సిరాజుద్దీన్


నాగాయలంక,
జూలై

సిరాజు బావా,

నీకు వలలమ్మడం తెలుసు, నీళ్ళు తెలీవు. బందరులో ఉండి కూడా సముద్రం ఎటుందని అడిగితే బస్టాండు వైపు చూసే మనిషివి నువ్వు.

అది బద్ధకం. ఇటుక ఇస్తే ఎవరైనా నిలబడతారు. నాకు మంచం వేస్తే నేను పడవ తీస్తానా? వెంటనే ఇటుక తీసెయ్యి. పువ్వులు పెట్టకు, నాలుక చెడుతుంది. తాబేలు పువ్వులు తినడమేంటి, అదేమన్నా అమ్మవారా? రొయ్యలు నచ్చకపోతే చిన్న పీతని చితక్కొట్టి పెట్టు. నాది బ్రహ్మాండంగా ఉంది. ఏ లోటూ లేదు.

వానలు పడ్డాయి. మడ అడవిలో పీతలు బాగా దొరుకుతున్నాయి. మోకాళ్ళు నొప్పులని మా ఇంటిది పడవెక్కొద్దంటోంది. దానికి వినపడేలా "సరే" అని, ఎక్కేస్తున్నాను.

శ్రీచరణ్ కొట్టు బాగా నడుస్తోంది. మొన్న బండి కొన్నాడు. ఆదివారం వచ్చి వాళ్ళ నాయనమ్మకి చీర పెట్టాడు. వాడు వీధిలోకి వస్తుంటే అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడుతున్నారు బావా. నేను ఎనభై కిలోల చేపని ఒడ్డుకి లాగిన నాడు కూడా ఎవడూ లేవలేదు.

ఇటుక తీసేశావని రాయి.

పోతయ్య


మచిలీపట్నం,
ఆగస్టు

పోతయ్య బావా,

ఇటుక తీయలేదు. మన్నించు.

ఇంకో సంగతి కూడా మన్నించు. మనం ఉత్తరాలు రాసుకుంటున్నామన్న మాటే గాని, మన ఇంటివాళ్ళిద్దరికీ ఫోనులున్నాయి. నువ్వు నీ తాబేలుకి నడుముకి తాడు కట్టి కాలవలో ఈత నేర్పించబోయావనీ, అది రాయిలా మునిగితే బట్టలతోనే దూకావనీ, పైకొచ్చాక దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచావనీ మీ ఇంటావిడ మహాలక్ష్మమ్మ చెప్పిందట. జహీదా నాకు చెప్తూ నవ్వు ఆపుకోలేక పొయ్యి మీద పాలు పొంగబెట్టేసింది. బ్రహ్మాండంగా ఉందని రాశావు. పోనీలే, బతికింది కదా.

మా మనవరాలు సానియా సెలవులకి వచ్చింది. విజయవాడలో జంతుశాస్త్రం చదువుతోంది. గుమ్మంలోకి వస్తూనే తొట్టి చూసి, చెప్పులతోనే లోపలికి పరిగెత్తి, తాబేలుని ఎత్తి తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. "తాతా, ఇది నీళ్ళలో బతికేది కాదు. ముళ్ళపొదల్లో, ఎండు నేలలో తిరిగేది. నక్షత్ర తాబేలు అంటారు. దీనికి ఈత రాదు. గడ్డీ ఆకులూ తింటుంది" అంది. ఇప్పుడది మా పెరట్లో ఉంది. సానియా దాన్ని చూడటానికి ఇక వారం వారం వస్తానంటోంది. తోటకూర వేస్తే ఒక కట్ట తినేసింది. మన కృష్ణ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి డిప్ప ఉన్నదల్లా నీళ్ళదే అనిపిస్తుంది. అందులో నీ తప్పేం లేదు.

నీదాన్ని కూడా నీళ్ళ నుంచి తీసి నేల మీద వదులు.

ఊరికే అడుగుతున్నాను, శ్రీచరణ్‌కి ఇవి ఎక్కడ దొరికాయి? ఈ రెండేనా, ఇంకా ఉన్నాయా?

సిరాజుద్దీన్


నాగాయలంక,
ఆగస్టు చివర

సిరాజు బావా,

ఆడవాళ్ళ చేతికి ఫోనులిచ్చినవాణ్ణి పట్టుకుని కాలవలో ముంచాలి.

సరే, మునిగింది. కాని ఒకటి గుర్తుంచుకో. నాకు ఈత వచ్చు కాబట్టి అది బతికింది. నీ దగ్గర మునిగుంటే ఇద్దరూ పోయేవాళ్ళు. ఒడ్డు మీద ఊరు ఊరంతా నిలబడి "పోతయ్య తాబేలుకి ఈత నేర్పిస్తున్నాడర్రోయ్" అని అరిచారు. నవ్వనీ. నేల మీద వదిలాను. గోంగూర మడి సగం మేసింది. సానియా తెలివైన పిల్ల. కాని నీళ్ళెరగని తాబేలు ఉంటుందని దానికి ముందు నాకెవరూ చెప్పకపోవడం నా తప్పు కాదు.

శ్రీచరణ్ గురించి అడిగావు. అడగాలే గాని, చెప్పుకోవడానికి నాకు నోరు చాలదు. రెండేంటి బావా! బస్తాలకి బస్తాలు వస్తాయి. రాయలసీమ వైపు నుంచి ఒక బ్రోకరు ఉల్లిపాయల బస్తాల్లో బస్సుకి వేస్తాడు. అక్కడ మేకలు కాసేవాళ్ళు ఏరి ఇస్తారట. అడవిలో ఊరికే పడున్నవి, ఎవడి సొమ్మూ కాదు. కాళ్ళు బరికి చప్పుడు చెయ్యకుండా టేపు చుట్టేస్తారు. మావాడు వాటిని స్వీట్ల డబ్బాల్లో సర్ది మద్రాసు పంపుతాడు. అక్కడి నుంచి విమానంలో ఏవేవో దేశాలకి వెళ్తాయట. దొరలు పెంచుకుంటారట. దారిలో కొన్ని చస్తాయిలే. చేపలూ చస్తాయిగా.

నాగాయలంక దాటి నేను అవనిగడ్డ వెళ్ళడమే గొప్ప. నా మనవడి డబ్బాలు విమానం ఎక్కుతున్నాయి. ఎలా ఉంది?

పోతయ్య


మచిలీపట్నం,
సెప్టెంబరు

పోతయ్య బావా,

నీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. సానియాకి చూపించలేదు. జహీదాకీ చెప్పలేదు. నాలుగుసార్లు జవాబు మొదలుపెట్టి చింపేశాను. మెత్తగా రాద్దామంటే నీకు మెత్తని మాట ఎక్కదు. కాబట్టి నీలాగే రాస్తున్నాను.

శ్రీచరణ్ చేస్తున్నది నేరం. ఈ తాబేలుని పట్టినా, అమ్మినా, ముచ్చటపడి ఇంట్లో పెంచుకున్నా నేరమే. అంటే అమ్మిన వాడూ, పంపిన నువ్వూ, తోటకూర పెట్టిన నేనూ ముగ్గురం దొంగలమే. అయినా నా బాధ చట్టం గురించి కాదు.

సానియా చెప్పింది రాస్తున్నాను. ఈ జీవి పెరిగి గుడ్డు పెట్టే ఈడుకి రావాలంటే ఎనిమిదేళ్ళో పదేళ్ళో పడుతుంది. పెట్టేది నాలుగైదు గుడ్లు. అందులో బతికి పెద్దదయ్యేది ఒకటో, అదీ లేదో. డబ్బాల్లోకి వెళ్తున్నవి ఆ పెద్దయినవీ, వాటి పిల్లలూ. ఒకప్పుడు చినుకు పడితే చేల గట్ల మీద తిరిగేవట. ఇప్పుడు కొన్ని కొండల్లో రోజంతా వెతికినా ఒకటి కనపడటం లేదట. అడవిలో ఊరికే పడున్నాయన్నావు. పడి లేవు బావా. బతుకుతున్నాయి.

ఒకసారి నువ్వు నన్ను పడవలో మడ అడవిలోకి తీసుకెళ్ళావు. వలలో పెద్ద పీత పడింది. కడుపు కింద గుడ్లు మోస్తోంది. నువ్వు దాన్ని మళ్ళీ నీళ్ళలో వదిలేశావు. ఒడ్డున పీతలు కొనేవాడు నెత్తి కొట్టుకున్నాడు, దానికి రెట్టింపు ఇచ్చేవాణ్ణి కదయ్యా అని. నువ్వేమన్నావు? "అది పీత కాదురా, వచ్చే ఏటి నా అన్నం" అన్నావు. ఆ రోజు నుంచే నేను నీకు వలలు అప్పివ్వడం మొదలుపెట్టాను.

అలాంటి మనిషివి నువ్వు, ఆ డబ్బాల గురించి ఇంత మురిసిపోతూ ఎలా రాశావు?

సిరాజుద్దీన్


నాగాయలంక

సిరాజుద్దీన్ గారికి,

పోతయ్య రాయునది. నా మనవణ్ణి దొంగ అన్నారు. నా వంశంలో దొంగలు లేరు. పీతలు నావి, నా ఇష్టం వచ్చినట్టు వదులుతాను. మధ్యలో వాటి ఊసు మీకెందుకు? నేను పంపిన తాబేలుని హేమ చేత తిరిగి పంపించండి. ఉత్తరాలు ఇక రాయనక్కరలేదు.

పోతయ్య


మచిలీపట్నం,
సెప్టెంబరు చివర

పోతయ్య బావా,

నువ్వు గారూ అంటే నేనూ గారూ అంటాననుకున్నావా? అనను.

తాబేలుని తిరిగి పంపను. సానియా పేరు కూడా పెట్టేసింది. నీ పేరే. మొండిగా ఉంటుందనీ, పిలిస్తే వినదనీ.

కొట్టు సంగతి సానియాకి తెలిసిపోయింది. నీ ఉత్తరం జేబులోనే ఉంది, నా మొహం మాత్రం దాచలేకపోయాను. ఫారెస్టువాళ్ళకి చెప్పెయ్యాలంది. కాదనలేను. కాని ఆగమన్నాను. "మా బావ ఒకసారి గుడివాడ వెళ్ళి చూసి వస్తాడు, అందాకా ఆగు" అన్నాను. నిన్ను అడగకుండానే మాటిచ్చాను.

నీ నోటికి తొందర ఎక్కువ గాని, నీ కళ్ళు అబద్ధం చెప్పవు. వెళ్ళి ఆ వెనక గది తలుపు తీసి చూడు. చూసి వచ్చాక కూడా ఇందులో తప్పేం లేదని నువ్వు రాస్తే, ఈ జన్మలో మళ్ళీ ఈ మాట ఎత్తను.

సిరాజు


గుడివాడ,
అక్టోబరు

సిరాజు బావా,

నీ మీద కోపం ఇంకా ఉంది. అదలా ఉండనీ. ఇది గుడివాడలో మా చిన్నమ్మాయి వసుంధర వాళ్ళింట్లో కూచుని రాస్తున్నాను. చాలా ఉంది, ఓపిగ్గా చదువు.

మొన్న తెల్లారగట్ల బస్సెక్కాను. నా తాబేలుని బుట్టలో పెట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. శ్రీచరణ్ ఎదురుగా పెట్టి, "చూడరా, వీటిని ఎంత బాగా చూసుకుంటున్నామో, ఆ బందరు ముసలాడికి ఒక ముక్క చెప్పు" అందామని. నిజం చెప్తున్నాను, నువ్వు తప్పని రుజువు చెయ్యడానికే వెళ్ళాను. కూచిపూడి దగ్గర ఎక్కినావిడ బుట్టలోకి తొంగిచూసి "కూరకాండీ?" అంది. "కాదమ్మా, మనవడు పెట్టిన బహుమతి" అన్నాను గర్వంగా.

కొట్లో అడుగుపెడితే మావాడు గతుక్కుమన్నాడు.

"తాతా, చెప్పకుండా వచ్చేవేంటి?"

"నా మనవడి కొట్టుకి రావడానికి నాకు చీటీ కావాలా? వెనక గది చూపించు."

"అక్కడేముంది, ఖాళీ డబ్బాలు."

"ఖాళీ డబ్బాలే చూస్తాను."

అడ్డం వచ్చాడు. నెట్టుకుని వెళ్ళాను. తలుపు తియ్యగానే వాసన వచ్చింది. బావా, నాకు తెలియని వాసన కాదది. ఐసు అయిపోయి పడవలో సరుకు చెడిపోతే వచ్చే వాసన. అట్టపెట్టెలో కొబ్బరికాయలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అన్నిటికీ టేపు. తల బయటికి పెట్టడానికి లేదు, కాలు చాపడానికి లేదు. పైన ఉన్నవి కదులుతున్నాయి. కింది వరస కదలడం లేదు. ఒకదాన్ని తీసి, గోటితో టేపు ఒలిచాను. కాలు చాపుతుందేమోనని చూశాను. చాపలేదు. నా అరచెయ్యంత కూడా లేదు, పిల్లది.

నేను సముద్రంలో ఎన్ని చేపల్ని చంపానో లెక్కలేదు. కాని ఏ చేపనీ పుట్టింది మొదలు దానికి తెలియని చీకట్లో, పోయేదాకా కట్టి పడెయ్యలేదు.

ఆ పెట్టె మూత వేసి, దాని పక్కన స్టూలు లాక్కుని, గుమ్మానికి అడ్డంగా కూచున్నాను.

"తాతా, లే. పార్టీ వస్తాడు."

"వచ్చినవాణ్ణి నన్ను దాటుకుని వెళ్ళమను."

"నీకు తెలీదు తాతా, అందరూ అమ్ముతున్నారు. నేను మానేస్తే ఇంకొకడు అమ్ముతాడు."

"ఆ ఇంకొకడు నా మనవడు కాడు."

"బండి ఎలా వచ్చిందనుకున్నావ్? నాయనమ్మ చీర ఎలా వచ్చిందనుకున్నావ్?"

ఆ చీర చూసి మురిసినవాణ్ణి నేనే. అందుకని ఇంకా గట్టిగా కూచున్నాను.

ముందు గదిలోకి ఎవరో బంగారు చేప కావాలని వచ్చారు. మావాడు నన్ను వదిలి వెళ్ళలేడు, వాళ్ళని పంపలేడు. నేనే ఇక్కడ నుంచి కేకేశాను. "ఏరుకోండమ్మా, ఏది కావాలంటే అది! పులుసుకి మాత్రం పనికిరావు!" వాళ్ళు పరిగెత్తారు. శ్రీచరణ్ తల పట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటింది. అన్నం తినలేదు. చివరికి వాడు నేల మీద కూలబడి, "నన్ను జైలుకి పంపుతావా తాతా?" అన్నాడు. చిన్నప్పుడు పడవలోంచి నీళ్ళలో పడినప్పుడు చూసినట్టు చూశాడు.

"పంపను. నీతో వస్తాను. ఒకటి బందరు పంపించింది నేనే, ఒకటి పెంచింది నేనే. పక్క పక్కన కూచుందాం. ఫోను నువ్వే చెయ్యి. నేను చేస్తే వాళ్ళు చెప్పేది నాకు వినపడదు."

జేబులోంచి ఫోను తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు. తర్వాత వాడే చేశాడు. నేను చెయ్యించలేదు బావా, ఆ నొక్కిన వేలు వాడిదే.

ఫారెస్టువాళ్ళు జీపులో వచ్చారు. వాళ్ళ పెద్దాఫీసరు ఒకావిడ, పేరు సాహిత్య, చాలా దురుసు. నాకు నచ్చింది. "ఫోను చేసిందెవరు?" అంది. వాడు తల దించుకున్నాడు. "మా మనవడు" అని నేను చెప్పాను. నా తాబేలుని కూడా అప్పగించి, నా పేరు రాసుకోమన్నాను. "అక్కర్లేదు తాతగారూ, మీరు పెద్దవారు" అంది. "పెద్దవాణ్ణి కాబట్టే ముందు రాయి" అన్నాను. రాసింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఇంకా ఎవరి దగ్గరైనా ఉన్నాయా అంటే, దాచడం చేతకాక నీ పేరూ, మీ వీధీ, మందారచెట్టుతో సహా చెప్పేశాను. మావాణ్ణి జీపులో తీసుకెళ్ళారు, నన్ను ఇంటికి పొమ్మన్నారు. ఈపాటికి నీ దగ్గరికి వచ్చే ఉంటారు. భయపడకు. చెల్లెలు జహీదాని కూడా భయపడొద్దని చెప్పు.

పోతయ్య


మచిలీపట్నం,
అక్టోబరు

పోతయ్య బావా,

వచ్చారు. నీ ఉత్తరం కంటే ముందే వచ్చారు. గుమ్మంలో జీపు ఆగితే వీధంతా బయటికొచ్చింది. బంధువులెవరో వచ్చారనుకుని జహీదా ఆరుగురికి టీ పెట్టేసింది. వాళ్ళు తాగారు. ఆ సాహిత్యగారు తొట్టి, ఇటుక సంగతి విని, ఎంత దురుసైనా నవ్వకుండా ఉండలేకపోయారు. నేను చేసింది తప్పేనని నా చేత రాయించుకుని, ఇకమీదట ఎవరేది బహుమతిగా పంపినా ముందు అడగమన్నారు.

పోతయ్యని, అంటే తాబేలుని, ఇచ్చేటప్పుడు సానియా ఏడ్చింది. ఇవ్వాలని అన్నది తనే, ఏడ్చిందీ తనే. జహీదా దారిలో తినడానికని ఒక మందారపువ్వు కోసి బుట్టలో వేసింది. రాలినవి కాదు, చెట్టుది.

నువ్వు ఆ గుమ్మంలో కూచున్న సంగతి చదివి, జేబులో ఉన్న నీ పాత ఉత్తరం తీసి పొయ్యిలో వేశాను. అది రాసిన మనిషి ఇప్పుడు లేడు.

శ్రీచరణ్ ఎలా ఉన్నాడు? బెయిలు వచ్చిందని మహాలక్ష్మమ్మ చెప్పిందట. ఆ బ్రోకరు పేరు వాడే చెప్పాడనీ, రెండు బస్తాలతో బస్టాండులో దొరికాడనీ కూడా విన్నాను. వాడు నీతో మాట్లాడుతున్నాడా? ఆ సంగతి మాత్రం ఆడవాళ్ళెవరూ చెప్పడం లేదు.

సిరాజు


నాగాయలంక,
డిసెంబరు

సిరాజు బావా,

మాట్లాడలేదు. బెయిలు మీద వచ్చినప్పటి నుంచి వాడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కొట్టు మూసేసి, ఇంటికొచ్చి, వాళ్ళ నాయనమ్మ పెట్టింది తిని, గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కేసు ఉంది, వాయిదాలున్నాయి, శిక్ష పడొచ్చు. నేను పక్కన కూచుంటే లేచి వెళ్ళిపోయేవాడు. నేనూ బతిమాలలేదు. నాకు బతిమాలడం రాదని నీకు తెలుసు. కాని పీతలకి వెళ్ళడం కూడా మానేశాను. పడవలో ఒక్కణ్ణే కూచుంటే తోచడం లేదు.

పోయిన వారం సాహిత్యమ్మ మనిషిని పంపింది. బతికిన తాబేళ్ళని ఇన్నాళ్ళూ ఎక్కడో జూలో ఉంచి మందులేశారట. కోర్టు ఒప్పుకుంది, అవి పుట్టిన రాయలసీమ అడవిలో వదులుతున్నారు. బ్రోకరు సరుకు ఎక్కించే చోటు చూపించడానికి శ్రీచరణ్ రావాలన్నారు. "నేనూ వస్తాను" అన్నాను. "మీ అవసరం లేదండీ" అన్నారు. వెళ్ళి జీపులో కూచున్నాను. కూచోవడంలో నాకు పేరొచ్చేసింది కదా, ఎవరూ దించలేదు.

బావా, ఆ దేశం చూడాలి. పొద్దున్నించి మధ్యాహ్నం దాకా వెళ్ళినా నీళ్ళ చుక్క లేదు. కాలవ లేదు, గట్టు లేదు. రాళ్ళు, ముళ్ళు, ఎండిన గడ్డి. నేల మీద కాలు పెడితే చుర్రుమంది. ఇక్కడ మనిషెలా బతుకుతాడా అనుకున్నాను. అక్కడ మేకలు కాసే పెద్దాయన నన్ను చూసి, "మీది సముద్రం పక్కనంట గదా, అంత నీళ్ళ పక్కన నిద్రెట్లా పడుతుంది సామీ?" అని జాలిపడ్డాడు. ఒకప్పుడు మేకల కాళ్ళకి తాబేళ్ళు తగిలేవట. ఆయన మనవరాలు ఇప్పటిదాకా ఒక్కదాన్ని కూడా చూడలేదట. ఆ రోజే మొదటిసారి చూసింది.

ఒక్కొక్కటి తీసి నేల మీద పెట్టారు. పెట్టెల్లో వచ్చినవాటిలో సగానికి కొంచెం ఎక్కువే బతికాయి. నాకొకటి ఇచ్చారు. నాదో, నీదో, ఏదో తెలీదు, అన్నీ ఒకేలా ఉన్నాయి. నేను నీదే అనుకున్నాను. కింద పెట్టాను. తల లోపలికి లాక్కుని కదల్లేదు. చాలాసేపటికి ముక్కు బయటికి పెట్టింది. తర్వాత కళ్ళు. తర్వాత ఒక కాలు చాపింది బావా. పూర్తిగా చాపింది. ఆ నేల మీద, ఆ గడ్డిలో, దాని వీపు మీద గీతలు ఎక్కడున్నాయో నేను చూస్తుండగానే కనపడకుండా పోయాయి. ఆ ఎండుగడ్డి మీద పడే ఎండ ఎలా ఉంటుందో, ఆ చుక్కలు సరిగ్గా అలాగే ఉంటాయి. ఆ డిజైను మన కళ్ళ కోసం కాదన్నమాట, దాని కోసమే. ఈ సంగతి సానియాకి చెప్పు.

అందరూ జీపు వైపు వెళ్ళారు. శ్రీచరణ్ నా వెనక నిలబడ్డాడు.

"పద తాతా. ఎండగా ఉంది" అన్నాడు.

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే నా మొహం చూస్తాడు.

"ఆగు. అది ఆ పొద వెనక్కి వెళ్ళేదాకా నిలబడదాం. దారిలో ఎవడైనా వ్యాపారస్తుడు చూసి ఎత్తుకుపోతేనో?"

వాడు అన్నాడు, "ఆ వ్యాపారస్తుణ్ణి నేనే కదా తాతా."

"అందుకే నిలబడమన్నాను."

వాడు నవ్వాడు. ముందు ముక్కుతో, తర్వాత గట్టిగా. వచ్చి నా పక్కన నిలబడి, తన టోపీ తీసి నా నెత్తిన పెట్టాడు. పొద చూస్తే ఇంత దూరంలో ఉంది. ఆ తాబేలు చూస్తే మధ్యమధ్యలో ఆగి గడ్డి కొరుకుతోంది. సాహిత్యమ్మ చెయ్యి ఊపుతూ పిలుస్తోంది. పొద్దుపోతోందట, దారి మంచిది కాదట.

"వస్తాం మేడమ్!" అని మావాడే కేకేశాడు. "అది ఇంకా నడుస్తోంది!"

పోతయ్య